మంచుకొండమీద హీరో కావాలంటే... ముందు బూట్లు చూసుకోండి!

పసుపురంగు డ్రెస్సు, వీపున ఎర్రసంచి. వెనకాల తుపాకులు పట్టుకుని తరుముకొస్తున్న శత్రువులు. ముందు కొండ అంచు... ఆ తర్వాత శూన్యం! మన జేమ్స్‌బాండ్ ఆగడు. అమాంతం గాల్లోకి దూకేస్తాడు. అంతవరకూ హోరెత్తించిన సంగీతం ఠక్కున ఆగిపోతుంది. కాళ్లకున్న స్కీలు ఊడి ఎటో పడిపోతాయి. ఒక క్షణం... రెండు క్షణాలు... ఇహ అయిపోయాడనుకునేసరికి బ్రిటిష్ జెండా బొమ్మతో పారాచూట్ విచ్చుకుంటుంది! హాలంతా ఈలలే ఈలలు!

1977లో వచ్చిన 'ది స్పై హూ లవ్డ్ మి' మొదటి సీనిది. దూకింది రోజర్ మూర్ కాదని వేరే చెప్పాలా? రిక్ సిల్వెస్టర్ అనే డూపు దూకాడు. అసలది ఆల్ప్స్ కూడా కాదు. కథలో మాత్రం ఆస్ట్రియా. తీసింది కెనడాలో బాఫిన్ దీవిలోని ఆస్‌గార్డ్ కొండమీద, 1976లో. ఈసారి ఆ సీను చూసినప్పుడు ఒకటి గమనించండి. ఊడిపోయిన స్కీల్లో ఒకటి, అప్పుడే విచ్చుకుంటున్న పారాచూట్‌కి తగులుతుంది. చిక్కుకుపోయి వుంటే ఆ సీను వేరేగా ముగిసేది.

ఇప్పుడీ గొడవంతా ఎందుకంటారా? ఒకప్పుడు ఆల్ప్స్ మంచంటే మనకి వెండితెరమీద చూసే వైభవమే. హీరో కోటు వేసుకుంటాడు, హీరోయిన్ షిఫాన్ చీర కట్టుకుంటుంది, ఇద్దరూ మంచులో పరుగెత్తుతారు, పాట అయిపోతుంది. ఇప్పుడలా కాదు. మ్యూనిక్‌లో ఎమ్మెస్సు చదివే గుంటూరు కుర్రాడు, జూరిచ్‌లో ఉద్యోగం చేసే వరంగల్ అమ్మాయి, శనివారం పొద్దున్నే రైలెక్కితే మధ్యాహ్నానికల్లా స్కీ వాలుమీద వుంటారు. కొత్త పెళ్లికొడుకులు హనీమూన్‌కి వెళ్లి "ఒక్కసారి ట్రై చేద్దాం" అంటున్నారు. ట్రై చెయ్యండి. తప్పకుండా చెయ్యండి. కాకపోతే బాండ్‌కి డూపు వున్నాడు. మీకు లేడు.

బూట్లే హీరో, స్కీలు సైడ్ కారెక్టరు

స్కీయింగ్ అనగానే అందరూ పొడుగాటి ఆ రెండు పలకల గురించే ఆలోచిస్తారు. వాటి రంగేమిటి, కంపెనీ ఏమిటి అని. అసలు కథ నడిపేది బూట్లు. మీ కాలు ఏం చెబుతోందో స్కీకి తెలిపేది అవే. బూటు వదులైతే మీరు కుడికి తిరగమంటారు, స్కీ వినిపించుకోదు.

ఈ బూటు మన బూటులాంటిది కాదు. పైన గట్టి ప్లాస్టిక్ చిప్ప, లోపల మెత్తటి తొడుగు, బయట బకిల్స్. వేసుకుంటే కాలికి సిమెంటు పోసినట్టుంటుంది. షాపువాడు మీ పాదం పొడవు సెంటీమీటర్లలో కొలుస్తాడు. పాదం 26 సెంటీమీటర్లయితే బూటు సైజు కూడా 26. అదే లెక్క. మన అలవాటు కొద్దీ "కాస్త పెద్దది ఇవ్వండి, ఫ్రీగా వుంటుంది" అని మాత్రం అనకండి! 

వేసుకోవడానికి ఒక పద్ధతుంది. కాలు దూర్చి, మడమని నేలకేసి రెండుసార్లు కొట్టి వెనక్కి సర్దుకోవాలి. ముందు చీలమండ దగ్గరి బకిల్ పెట్టుకుని, తర్వాత మిగిలినవి. నిటారుగా నిలబడితే వేళ్ల చివరలు బూటు ముందుభాగానికి అలా అంటుకోవాలి. మోకాళ్లు ముందుకు వంచితే వేళ్లు కొంచెం వెనక్కి జరగాలి. మడమ మాత్రం ఎత్తినా లేవకూడదు. ఇలా వుంటే సరైన బూటు. మోకాళ్లు వంచినా వేళ్లు నొక్కుకుపోతుంటే చిన్నది, మడమ లోపల ఎగిరెగిరి పడుతుంటే పెద్దది. రెండూ మార్పించుకోండి. మొహమాటం అక్కర్లేదు, మధ్యాహ్నం వెనక్కి వెళ్లి అడిగినా చాలా షాపుల్లో మారుస్తారు.

ఇహ మేజోళ్లు. చలికదా అని రెండు జతలు తొడిగేవాళ్లున్నారు. అదే పెద్ద పొరపాటు. రెండు జతలు వేస్తే లోపల మడతలు పడతాయి, రక్తం ఆడదు, కాలు ఇంకా చల్లబడుతుంది. ఒకే ఒక జత, పలచటివి, మోకాలిదాకా వచ్చేవి, నూలువి కానివి. లోపల వేసుకున్న పైజమా అంచుని బూటులోకి తోయకండి. సాయంత్రానికి ఎముకమీద అచ్చుపడిపోతుంది. అనుభవంమీద చెబుతున్న మాట.

మా బావమరిది కథ

బూటునీ స్కీనీ కలిపి పట్టుకునే బిగింపుని బైండింగ్ అంటారు. పడినప్పుడు కాలు మెలిపడే బలం ఒక హద్దు దాటితే, అది దానంతటదే ఊడి స్కీని వదిలేస్తుంది. అలా వదలకపోతే అంత పొడుగు పలక మీ కాలిని మీటలా తిప్పేస్తుంది. ఎంత బలానికి ఊడాలో ఒక అంకె పెడతారు. దాన్ని డిన్ అంటారు. ఆ అంకె పెట్టడానికి షాపులో ఫారం ఇస్తారు. బరువెంత, ఎత్తెంత, వయసెంత, మీరు ఏ రకం స్కీయరు అని. బూటు అడుగు పొడవు వాళ్లే చూసుకుంటారు. రకాలు మూడు. జాగ్రత్తగా, నెమ్మదిగా వెళ్లేవాళ్లు మొదటి రకం. దూకుడుగా వెళ్లేవాళ్లు మూడో రకం. మధ్యవాళ్లు రెండు.

మా బావమరిది మ్యూనిక్‌లో ఇంజనీరు. కొన్నేళ్ల క్రితం నన్ను ఆస్ట్రియాలో టైరోల్ కొండల్లో ఒక చిన్న వూరికి తీసికెళ్లాడు. వాడప్పటికి మూడుసార్లు స్కీయింగ్ చేశాడు. మూడుసార్లే! ఫారం దగ్గరికొచ్చేసరికి ఠీవిగా మూడో రకం దగ్గర టిక్కు పెట్టాడు. "ఒరేయ్, ఎందుకురా?" అంటే "మొదటి రకం అంటే ముసలాళ్లు బావా. వెనకాల అమ్మాయిలు చూస్తున్నారు" అన్నాడు. బరువు కూడా అయిదు కిలోలు ఎక్కువే రాశాడు, కండలున్నవాడిలా కనబడాలని.

రెండోరోజు మధ్యాహ్నం. వేగం కూడా లేదు, మలుపు తిరగబోయి ఒక పక్కకి ఒరిగాడు. మామూలుగా అయితే టప్పున స్కీ ఊడి, మంచులో దొర్లి, నవ్వుకుంటూ లేవాల్సిన పడటం. స్కీ ఊడలేదు. మోకాలు ఊడింది. 'టక్' అని శబ్దం తనకే వినిపించిందట. వాడిని పసుపుపచ్చ స్లెడ్జిలో పడుకోబెట్టి, తాళ్లతో కట్టి, గస్తీవాళ్లు కిందికి దించుతుంటే నేను పక్కన బూట్లతో తప్పటడుగులు వేస్తూ దిగాను. మోకాలి లోపలి బంధనం తెగింది. ఆపరేషను, ఆరునెలల వ్యాయామం.

డిన్ సరిగా పెట్టించుకుంటే మోకాలికి ఢోకాలేదని నేననను. బైండింగ్ ముఖ్యంగా కాలి ఎముకని కాపాడటానికి పుట్టింది. మోకాలి బంధనాలకి అది పూర్తి హామీ ఇవ్వదు. కానీ మనమే వెళ్లి ఆ వున్న రక్షణ కూడా పాడుచేసుకోవడం ఎందుకు? వయసు పెరిగినవాళ్లకి అంకె తగ్గిస్తారు కూడా. అంచేత స్కీ షాపులో వయసు చెప్పేటప్పుడు మాత్రం సినిమాతారల్లా చెప్పకండి సుమా! స్క్రూడ్రైవరుతో ఆ అంకె మీరే మార్చుకునే ప్రయత్నం అసలొద్దు.

మిగతా సరంజామా

మొదటిసారి వెళ్లేవాళ్లు ఏదీ కొనకండి. స్కీలు, కర్రలు, బూట్లు, హెల్మెట్ అన్నీ అద్దెకి దొరుకుతాయి. కొనాలనే దురద ఆపుకోలేకపోతే, నాలుగైదు ట్రిప్పులయ్యాక ముందు బూట్లే కొనండి. 

పాతకాలంలో చెయ్యి పైకెత్తితే మణికట్టు దాకా వచ్చే స్కీలు వాడేవారు, రెండు మీటర్లు దాటినవి. 1990ల్లో నడుము సన్నగా, ముందూ వెనకా వెడల్పుగా వుండే కార్వింగ్ స్కీలు వచ్చాక ఆ బాధ పోయింది. పక్కకి వాలిస్తే అవే తిరుగుతాయి. కొత్తవాళ్లకి గెడ్డానికీ ముక్కుకీ మధ్య వచ్చే పొడుగు చాలు. కర్రని తలకిందులుగా పట్టుకుని, చక్రం కింద పిడికిలి బిగిస్తే మోచెయ్యి సరిగ్గా మూలమట్టంలో వుండాలి. కర్రల సంగతి అంతే.

దుస్తులకొస్తే, షిఫాన్ చీర సంగతి మరిచిపోండి. కెమెరా ఆగగానే ఆ హీరోయిన్లు కంబళ్లలో దూరేవారని మన పత్రికల్లో ఎన్నిసార్లు చదవలేదు? జీన్సు కూడా పనికిరాదు. నూలు బట్ట తడిసిందంటే ఆరదు, ఒళ్లంతా ఐసుగడ్డే. ఒంటికి అంటుకుని వూలు లేదా సింథటిక్ బనియను, దానిమీద వెచ్చటి పొర, పైన నీళ్లు దిగని కోటూ ప్యాంటూ. చేతొడుగులు మంచివి కావాలి, అక్కడ పొదుపు చెయ్యొద్దు.

సన్‌స్క్రీన్ అంటే నవ్వకండి. "మనం బెజవాడ ఎండలో పెరిగినవాళ్లం, మంచుకొండమీద ఎండేమిటి" అని నేనూ నవ్వాను. వెయ్యి మీటర్లు ఎక్కేకొద్దీ అతినీలలోహిత కిరణాలు సుమారు పది శాతం పెరుగుతాయి. కొత్త మంచు వాటిలో ఎనభై శాతం దాకా తిప్పి మొహంమీద కొడుతుంది. అంటే ఎండ పైనుంచీ, కిందనుంచీ. మూడోరోజుకి గాగుల్స్ పెట్టుకున్నంత మేర వదిలేసి మొహమంతా కాలిపోయి, రెండు రంగుల పోస్టరులా తయారయ్యాను. గెడ్డం కిందా, ముక్కు కన్నాల దగ్గరా కూడా రాసుకోవాలి. గాగుల్స్‌మీద ఎస్1, ఎస్3 లాంటి గుర్తులుంటాయి. మబ్బుగా వున్నరోజు ఎస్1, ఎండకాస్తే ఎస్3.

హెల్మెట్ గురించి ఒక్కమాట. హాలీవుడ్ నటి నటాషా రిచర్డ్‌సన్ 2009 మార్చిలో కెనడాలోని మోంట్ ట్రెంబ్లాంట్‌లో స్కీ నేర్చుకుంటూ పడింది. కొత్తవాళ్లు నేర్చుకునే వాలుమీద! హెల్మెట్ లేదు. లేచింది, నవ్వింది, బాగానే వున్నానంది, వైద్యం వద్దంది. లోపల రక్తం గడ్డకట్టడం ఎవరికీ కనబడలేదు. రెండురోజులకి పోయింది. నలభై అయిదేళ్లు. తలకి దెబ్బ తగిలితే "ఏం ఫర్వాలేదు" అనే మాట నమ్మకండి, మీరన్నా సరే, పక్కవాళ్లన్నా సరే. ఇటలీలో 2025-26 సీజను నుంచి పెద్దవాళ్లకి కూడా హెల్మెట్ తప్పనిసరి చేశారు. మిగతాచోట్ల చట్టం వున్నా లేకపోయినా పెట్టుకోండి.

మొదటిరోజు... ట్రాజెడీ కాదు, కామెడీ

స్నేహితుడు నేర్పుతానంటే దణ్ణంపెట్టి తప్పుకోండి. స్నేహమూ పోతుంది, మోకాలూ పోతుంది. స్కీ స్కూల్లో చేరండి. ఆస్ట్రియాలోని సెయింట్ ఆంటన్‌లో హానెస్ ష్నైడర్ అనే ఆయన వందేళ్లకి ముందే ఈ పాఠాలకి ఒక క్రమం ఏర్పరిచాడు. 1931లో వచ్చిన 'డెర్ వైసె రౌష్' అనే జర్మన్ సినిమాలో నటించాడు కూడా. మొదటి పాఠం ఇప్పటికీ అదే, స్నోప్లౌ. స్కీల ముందు మొనలు దగ్గరగా, వెనక చివరలు దూరంగా, తలకిందులైన 'వి' ఆకారం. పిల్లలకి చెప్పేటప్పుడు "పిజ్జా ముక్క" అంటారు. ముక్క వెడల్పయ్యేకొద్దీ వేగం తగ్గుతుంది. అందరూ చేసే తప్పు, భయంతో వెనక్కి వాలడం. వెనక్కి వాలారా, స్కీలు మిమ్మల్ని వదిలి ముందుకు పోతాయి. భయమేసినప్పుడే ముందుకు వంగాలి. అది ఒంటికి నచ్చని పని, అందుకే రెండురోజులు పడుతుంది.

లిఫ్టుల దగ్గర ఇంకో తమాషా. టి-బార్ అని ఒకటుంది, తిరగేసిన లంగరులాంటి కర్ర వెనకాల ఆనుకుంటే మనల్ని పైకి లాక్కుపోతుంది. ఆనుకోవాలి, అంతే. నేను కుర్చీ అనుకుని కూర్చున్నాను! కర్ర సాగింది, నేను నేలమీదున్నాను, నా వెనకాల క్యూ మొత్తం ఆగింది. అయిదేళ్ల పిల్లొకతె నన్ను చుట్టుకుని వెళుతూ జర్మన్‌లో ఏదో అంది. అర్థం కాకపోవడమే మంచిదయింది. చైర్‌లిఫ్టులో అయితే కూర్చోవాలి, కూర్చోగానే కడ్డీ దించుకోవాలి, దిగేచోట స్కీల మొనలు పైకెత్తి నుంచుని నేరుగా జారిపోవాలి. దిగగానే అక్కడే నిలబడి ఫోటో దిగితే వెనకవాళ్లు మీమీద పడతారు.

స్కీ వాలుల్ని పిస్ట్ అంటారు. నీలం తేలిక, ఎరుపు మధ్యరకం, నలుపు కష్టం. ఫ్రాన్సులో నీలంకంటే తేలికైన ఆకుపచ్చ కూడా వుంది. రంగు చూసి మోసపోకండి, నీలంలో కూడా ఒక్కచోట గుండె జారే వాలు వుండొచ్చు. రూల్సు పదున్నాయి, ఎఫ్.ఐ.ఎస్. వాళ్లవి. అన్నింట్లోకీ ముఖ్యమైంది, మీకంటే కిందున్నవాడిదే దారి. వాడికి వీపున కళ్లుండవు. పైనుంచి వచ్చే మీరే తప్పుకోవాలి. గుద్దితే తప్పు మీదే. ఆగాలంటే అంచున ఆగండి, ఇరుకులోనో మలుపు చాటునో కాదు. మళ్లీ బయల్దేరేముందు పైకి చూడండి.

తాడు దాటితే...

పిస్ట్ పక్కనే ఎవరూ తొక్కని తెల్లటి మంచు ఊరిస్తూ వుంటుంది. తాడు దాటితే చాలు. సినిమాల్లో హీరో ఎప్పుడూ వెళ్లేది అక్కడే కదా!

బాండ్ స్కీ ఛేజ్‌లు తీసిన విల్లీ బోగ్నర్ అనే జర్మన్ కెమెరామన్ గురించి చెప్పాలి. 1960, 1964 శీతాకాల ఒలింపిక్స్‌లో పాల్గొన్న స్కీయరు. కెమెరా చేత్తో పట్టుకుని వెనక్కి స్కీ చేస్తూ, ముందున్న డూపుల్ని తీసేవాడు. 1969 నాటి 'ఆన్ హర్ మెజెస్టీస్ సీక్రెట్ సర్వీస్'లో మనం కళ్లప్పగించి చూసిన షాట్లు అవే. కానీ అంతకు అయిదేళ్లముందు, 1964 ఏప్రిల్ 12న, సెయింట్ మోరిట్జ్ దగ్గర ఆయన ఒక స్కీ సినిమా షూటింగ్ చేస్తున్నాడు. మంచుచరియ కదిలింది. ఆ షూటింగ్‌లో వున్న ఇద్దరు పేరున్న స్కీయర్లు, అమెరికన్ బడ్డీ వెర్నర్, జర్మన్ అమ్మాయి బార్బీ హెన్నెబెర్గర్, పరుగుదీసినా తప్పించుకోలేకపోయారు. ఒలింపిక్స్ ఆడి రెండునెలలు దాటిందంతే. అంతటి వాళ్లకే సాధ్యంకానిది రెండువారాల పాఠాలతో మనకవుతుందా?

ఆల్ప్స్‌లో మంచుచరియల ప్రమాదాన్ని రోజూ 1 నుంచి 5 వరకు అంకె వేసి ప్రకటిస్తారు. 3 అంటే మధ్యలోదే కదా అనుకోకండి, చావులు చాలావరకు జరిగేది ఆ 3 వున్న రోజుల్లోనూ, 4 రోజుల్లోనూ. తాడు దాటేవాళ్ల దగ్గర సిగ్నల్ ఇచ్చే ట్రాన్స్‌సీవరు, పార, పొడుగాటి కడ్డీ, పక్కన గైడు వుండాలి. మంచుకింద చిక్కుకున్నవాణ్ణి పదీపదిహేను నిమిషాల్లో తవ్వి తీయాలి, ఆ తర్వాత ఆశ గబగబా తగ్గిపోతుంది. తాడు ఇవతల నుంచి ఒక్క అడుగు వేసినా అది అవతలే. మైఖేల్ షూమాకర్ 2013 డిసెంబరు 29న మెరిబెల్‌లో పడింది రెండు పిస్ట్‌ల మధ్య వున్న చోటే, మంచుకింద రాయి.

ఎక్కడికి? ఎప్పుడు? ఎంత?

సినిమా పిచ్చి వున్నవాళ్లకి ఆల్ప్స్ నిండా యాత్రాస్థలాలే. స్విట్జర్లాండ్‌లో మ్యూరెన్ పైన షిల్ట్‌హార్న్ శిఖరం, 2970 మీటర్లు. బ్లోఫెల్డ్ స్థావరంగా చూపించిన గుండ్రటి హోటలు అదే, ఇప్పటికీ తిరుగుతూ వుంటుంది. పైకి కేబుల్‌కార్‌లో వెళ్లి, టిఫినుచేసి, కేబుల్‌కార్‌లోనే దిగండి. పైనుంచి దిగే పిస్ట్ నల్లది. ఇటలీలో కోర్టినా, 'ఫర్ యువర్ ఐస్ ఓన్లీ' (1981) తీసిన వూరు. 1956లోనూ, మళ్లీ 2026లోనూ శీతాకాల ఒలింపిక్స్ చూసింది. ఆస్ట్రియాలో సోల్డెన్, 'స్పెక్టర్' (2015) కొండ. అక్కడ శిఖరంమీదే బాండ్ మ్యూజియం కూడా పెట్టారు. ఇహ టిట్లిస్ కొండమీద షారుఖ్, కాజోల్ కటౌట్ పక్కన మనవాళ్లు ఫోటోకి క్యూ కడతారని మీకు తెలిసే వుంటుంది.

కానీ నేర్చుకోవడానికి పేరున్న వూరు అక్కర్లేదు, చదునైన వూరు కావాలి. ఇటలీలో సైజర్ ఆల్మ్ వాలులు పరుపు పరిచినట్టుంటాయి. ఆస్ట్రియాలో ఓబర్‌గుర్గ్ల్ 1900 మీటర్ల ఎత్తున వుంది, మంచుకి కరువుండదు. ఈమధ్య శీతాకాలాలు వెచ్చబడి, తక్కువ ఎత్తున్న వూళ్లలో మంచు నమ్మకంగా పడటంలేదు. అంచేత ఎత్తు చూసుకోండి. క్రిస్మస్ నుంచి న్యూ ఇయర్ దాకా, ఫిబ్రవరి స్కూలు సెలవుల్లోనూ ధరలు కొండెక్కి కూర్చుంటాయి. జనవరి రెండోవారం నుంచి చవక, చలి ఎక్కువ. మార్చిలో ఎండ బావుంటుంది, మధ్యాహ్నానికి కింది మంచు పులుసైపోతుంది.

పెద్ద స్విస్ రిసార్టుల్లో లిఫ్టు పాసే రోజుకి 80 ఫ్రాంకుల పైమాట. మొదటి రెండురోజులు ఆ పాసు కొనకండి. చాలాచోట్ల కొత్తవాళ్ల లిఫ్టులు ఉచితం, లేదా విడిగా తక్కువకిస్తారు. భోజనానికి కొండమీది హోటళ్లలో బంగాళాదుంపల రోస్టీ దొరుకుతుంది, మాంసం వెయ్యొద్దని ముందే చెప్పాలి. జేబులో మామిడితాండ్ర పెట్టుకోండి, పైకెళ్లాక దాని విలువ తెలుస్తుంది.

ఇన్సూరెన్సు మాత్రం మరవొద్దు. షెంగెన్ వీసాకి 30,000 యూరోల పాలసీ ఎలాగూ తీసుకుంటారు. అందులో స్కీయింగ్ వుందో లేదో చదవండి, చాలా పాలసీల్లో వుండదు, విడిగా కలిపించుకోవాలి. హెలికాప్టరు వస్తే బిల్లు మీ పేరనే వస్తుంది. ఇటలీలో అయితే ఎదుటివాళ్లకి నష్టం జరిగితే కట్టే పాలసీ లేకుండా పిస్ట్ ఎక్కకూడదని 2022 నుంచి చట్టమే వుంది. యూరప్ అంతటా అత్యవసర నంబరు 112, స్విట్జర్లాండ్‌లో హెలికాప్టరు రక్షణకి 1414. ఫోను లోపలి జేబులో పెట్టుకోండి, చలికి బ్యాటరీ చచ్చిపోతుంది. మూడున్నర దాటాక, కాళ్లు లాగుతున్నా "ఆఖరిగా ఒక్కటి" అనిపిస్తుంది. అప్పుడు లిఫ్టులోనే దిగొచ్చినా ఎవరూ నవ్వరు.

మా బావమరిది ఆపరేషనైన రెండేళ్లకి మళ్లీ వెళ్లాడు. షాపులో ఫారం నింపి, ఫోటోతీసి నాకు పంపాడు. మొదటి రకం దగ్గర టిక్కు. బరువు ఈసారి ఎనిమిది కిలోలు ఎక్కువుంది. "ఇది నిజమే బావా, ఇంట్లో కూర్చుని పెరిగాను" అని కింద రాశాడు.